కల్చర్‌లో పెరగని సూక్ష్మజీవి: రెండు కాకటీల్‌లు, ఒక న్యుమోనియా

ఈ కేసు ఫైలులో ఒకే పక్షికి నాలుగు వారాల తేడాతో నా చేతిరాతలోనే రెండు రోగనిర్ధారణలు ఉన్నాయి. మొదటిదాన్ని పూర్తిగా తప్పు అనడానికి వీల్లేదు, ఎందుకంటే నేను కనిపెట్టిన బ్యాక్టీరియా ఆ పక్షి పేగుల్లో నిజంగానే ఉంది, దానికి ఇచ్చిన మందుతో పక్షి తేరుకుంది కూడా. అయితే ఆ ఇంట్లో మనిషిని ఆసుపత్రిపాలు చేసినది ఆ బ్యాక్టీరియా కాదు. సులభంగా దొరికిన సూక్ష్మజీవి దగ్గర నేను ఆగిపోయినందువల్ల, దొరకనిది, అంటే చిలుకలనుంచి మనుషులకు సోకే సిట్టకోసిస్ జబ్బుకు కారణమైనది, మరో నాలుగు వారాలు ఆ ఇంటి గాలిలో తిరిగింది. పక్షులను చూసే తోటి పశువైద్యులకూ, చిలుకలను పెంచుకునేవారికీ, న్యుమోనియా రోగులను చూసే వైద్యులకూ పనికివస్తుందన్న ఉద్దేశంతో, యజమానుల అనుమతి తీసుకుని, వారిని గుర్తుపట్టే వివరాలు తొలగించి, జరిగినదంతా మొదటినుంచి రాస్తున్నాను.

మొదటిసారి చూసినప్పుడు

ఆ ఇంట్లో మూడు పక్షులు ఉండేవి. ఆరేళ్ల మగ కాకటీల్ (చిలుక జాతికి చెందిన చిన్న పెంపుడు పక్షి) పిల్లగా ఉన్నప్పటినుంచీ వారి దగ్గరే పెరిగింది. రెండోది మూడేళ్ల బడ్జీ, ఇంకా చిన్న చిలుక. మగ కాకటీల్‌కు జత కోసం సుమారు ఏడాది వయసున్న ఆడపక్షిని ఒక పెంపకందారు దగ్గర కొని తెచ్చారు. కొత్త పక్షిని కనీసం 30 నుంచి 45 రోజులపాటు వేరే గదిలో ఉంచాలన్న సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. వారం తిరక్కుండానే జంటను ఒకే పంజరంలోకి మార్చి, గుడ్లు పెట్టుకోవడానికి ఒక చెక్కపెట్టె కూడా అమర్చారు.

మూడు వారాల తర్వాత, ఆడపక్షి రెట్ట కొంచెం పలుచగా పడుతోందని నా దగ్గరికి తీసుకొచ్చారు. బరువు 88 గ్రాములు, చూపు చురుకుగా ఉంది, మేత తింటోంది. రెట్టను గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాను రంగువేసి పాజిటివ్, నెగటివ్ అని రెండు తరగతులుగా విడదీసే పరీక్ష) చేసి చూశాను. ఆరోగ్యంగా ఉన్న చిలుక పేగుల్లో గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాదే పెత్తనం. గ్రామ్ నెగటివ్ కడ్డీలు అక్కడక్కడ ఒకటీ అరా కనిపిస్తే పెద్దగా పట్టించుకోనవసరం లేదు. ఈ పక్షిలో మాత్రం సగానికి పైగా అవే ఉన్నాయి. కల్చర్‌లో, అంటే ప్రయోగశాలలో ప్లేటు మీద పెంచి చూసినప్పుడు, ఇ. కొలై అనే పేగు బ్యాక్టీరియా చక్కగా పెరిగింది. ఏడు రోజులకు ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇవ్వమని రాసి పంపాను. వారం తర్వాత పక్షి బాగుందని ఫోన్‌లో చెప్పారు. ఫైలు మూశాను.

అప్పుడు నేను అడగని ప్రశ్నలు రెండు: కొత్త పక్షి వచ్చాక పాత పక్షుల్లో ఏమైనా మార్పు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా దగ్గూ జ్వరమూ ఉన్నాయా. రెండింటికీ ఆ రోజు 'లేదు' అనే సమాధానమే వచ్చి ఉండేది. కానీ అడిగి ఉంటే, కనీసం రెండు వారాల తర్వాత జ్వరం వచ్చినప్పుడైనా ఆ ప్రశ్న వారికి గుర్తొచ్చి ఉండేది.

రెండోసారి

నాలుగు వారాలకు అదే పక్షిని తువ్వాలులో చుట్టి తెచ్చారు. బరువు 71 గ్రాములకు దిగింది. రొమ్ము ఎముక చేతికి కత్తి అంచులా తగిలింది. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని, ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊపుతోంది. కుడికన్ను చుట్టూ తడి ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది రెట్ట: మామూలుగా సున్నంలా తెల్లగా ఉండవలసిన భాగం పసుపు కలిసిన ఆకుపచ్చ రంగుకు మారింది. మనిషిలో కాలేయం దెబ్బతింటే బిలిరుబిన్ పేరుకుని కళ్లు పచ్చబడతాయి. పక్షుల్లో పైత్యవర్ణకం చాలావరకు బిలివర్డిన్ దశలోనే ఉండిపోతుంది కాబట్టి, కాలేయం బాధ ఆకుపచ్చ రంగులో రెట్టలోకి దిగుతుంది. ఈ రంగు ఒక్కదాన్నిబట్టి ఏ జబ్బునూ తేల్చలేము, కానీ చిలుకలో ఈ రంగూ, కంటి తడీ, ఆయాసమూ కలిసి కనిపించినప్పుడు మొదట తలచుకోవలసిన పేరు సిట్టకోసిస్. దానికి కారణం క్లామిడియా సిట్టాసి అనే బ్యాక్టీరియా.

పక్షిని పరీక్షిస్తుండగా, దాన్ని తెచ్చిన యజమానురాలు రెండు మూడుసార్లు పొడిగా దగ్గారు. మీకు ఒంట్లో బాగుందా అని అడిగాను. "నాకేం లేదు డాక్టరు గారూ, మావారికే బాగాలేదు. పది రోజులుగా జ్వరం. ఆసుపత్రిలో ఉన్నారు. ఛాతీలో నెమ్ము అంటున్నారు, మందులు పనిచేయడం లేదు," అన్నారు. చిలుకల సంగతి ఆసుపత్రిలో చెప్పారా అని అడిగితే, అక్కడ ఎవరూ అడగలేదన్నారు. తర్వాత తెలిసినదేమంటే, అడిగారు. చేర్చుకునేటప్పుడు నింపిన కాగితంలో 'పెంపుడు జంతువులు ఉన్నాయా' అన్న ప్రశ్న ఉంది, దానికి ఆయన 'లేవు' అని రాశారు. మన మాటల్లో జంతువు అంటే కుక్కో పిల్లో. పంజరంలోని పక్షిని జంతువని ఎవరంటారు? ఆయన అబద్ధం చెప్పలేదు. ప్రశ్నలోనే పక్షులకు చోటు లేదు. ఈ చిన్న మాట తేడా ఆయన చికిత్సను ఆలస్యం చేసింది.

ఆమెను కూర్చోబెట్టి, ఆమె ఎదుటే ఆయన్ను చూస్తున్న వైద్యుడికి ఫోన్ చేసి, తర్వాత రాతపూర్వకంగా కూడా పంపాను. అందులో నేను రాసినది నాలుగు సంగతులే: ఇంట్లో మూడు చిలుక జాతి పక్షులున్నాయి, వాటిలో ఒకదానికి సిట్టకోసిస్ ఉందని బలంగా అనుమానిస్తున్నాను, నమూనాలు పంపుతున్నాను, పంజరాలు శుభ్రం చేసే పని రోజూ రోగే చేస్తారు. మనిషికి ఏ మందు ఇవ్వాలో చెప్పడం పశువైద్యుడి పని కాదు. కానీ ఏ గాలిని పీల్చి ఆ మనిషి వచ్చాడో చెప్పడం మన పనే.

ఆసుపత్రిలో జరిగినది

వైద్యుడు తర్వాత నాతో పంచుకున్న వివరాలు పాఠ్యపుస్తకంలోని వర్ణనకు దగ్గరగా ఉన్నాయి. రోగి వయసు 52. చలితో జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్లు నొప్పులు, మూడో రోజునుంచి పొడిదగ్గు. జ్వరం 39.6 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు కూడా నాడి నిమిషానికి 84 దాటలేదు. జ్వరానికి తగ్గట్టు నాడి పెరగకపోవడం ఈ జబ్బులో కనిపించే ఒక గుర్తు. తెల్ల కణాల సంఖ్య మామూలుగానే ఉంది, కాలేయ ఎంజైములు కొద్దిగా పెరిగాయి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ. ఛాతీలో స్టెతస్కోపుకు వినిపించినది తక్కువ, ఎక్స్‌రేలో కనిపించినది ఎక్కువ. మొదట ఇంటిదగ్గర అమాక్సిసిలిన్, ఆసుపత్రిలో చేరాక సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చారు. కఫం కల్చర్‌లో ఏమీ పెరగలేదు.

ఈ రెండు మందులూ బీటా-లాక్టమ్ కుటుంబానికి (పెన్సిలిన్, దాని దగ్గరి బంధువులు) చెందినవి, బ్యాక్టీరియా గోడను కట్టనివ్వకుండా చేసి దాన్ని చంపుతాయి. క్లామిడియా విషయంలో అవి నమ్మదగిన మందులు కావు. ప్రయోగశాలలో క్లామిడియా సోకిన కణాలకు పెన్సిలిన్ తగిలిస్తే, అది చావకుండా, విభజన ఆపేసి, ఉబ్బిన వింతరూపంలో కణం లోపలే నిలిచిపోతుందనీ, మందు తీసేస్తే మళ్లీ మామూలు రూపానికి వస్తుందనీ చాలాకాలంగా తెలుసు. నా ఫోన్ తర్వాత అదే సాయంత్రం ఆయనకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టారు. రెండు రోజులు పూర్తికాకముందే జ్వరం దిగింది. శ్వాసనాళాల లోతునుంచి తీసిన నమూనాలో పీసీఆర్ పరీక్ష సిట్టాసికి పాజిటివ్ వచ్చింది, కానీ ఆ ఫలితం చేతికి అందేసరికి ఆయన లేచి కూర్చుని భోజనం చేస్తున్నారు. ఫలితం కోసం ఆగకుండా, అనుమానం మీదనే మందు మొదలుపెట్టిన ఆ వైద్యుడి నిర్ణయమే ఈ కేసులో అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. యాంటీబయాటిక్స్ రాకముందు ఈ జబ్బు సోకిన వారిలో నూటికి 15 నుంచి 20 మంది చనిపోయేవారు. సరైన మందు సకాలంలో పడితే ఇప్పుడు మరణం చాలా అరుదు. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు దాటి గుండె కవాటాలు, గుండె కండరం, కాలేయం, మెదడు వరకూ వెళ్లగలదు.

ఆమెకు దగ్గు తప్ప మరేమీ లేదు, అయినా పరీక్ష చేసి చికిత్స చేశారు. వారి కూతురు గర్భవతి, తండ్రిని చూసుకోవడానికి ఆ వారంలోనే ఇంటికి రావలసి ఉంది. ఇల్లు శుభ్రమై, పక్షుల చికిత్స ముగిసేదాకా రావద్దని నేను గట్టిగా చెప్పాను. గర్భిణుల్లో ఈ జబ్బు తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకంగా మారగలదు, పైగా డాక్సీసైక్లిన్ సాధారణంగా వారికి ఇవ్వరు, వేరే మందుల వైపు చూడవలసి వస్తుంది. ఒక మనిషినుంచి మరో మనిషికి సోకడం చాలా అరుదు. ఆసుపత్రిలో తండ్రిని చూడటం కన్నా, ఆయన లేని ఇంట్లో పంజరాలున్న గదిలో కూర్చోవడమే ఆ అమ్మాయికి ఎక్కువ ప్రమాదం.

నొకార్ చేసిన పొరపాటు, నేను చేసిన పొరపాటు

1879లో స్విట్జర్లాండ్‌లో యాకోబ్ రిట్టర్ అనే వైద్యుడు, పంజరంలో విదేశీ పక్షులున్న ఒకే ఇంటికి సంబంధించి ఏడుగురికి వింత న్యుమోనియా వచ్చి ముగ్గురు చనిపోయిన సంగతి నమోదు చేశాడు. 1892లో పారిస్‌లో, దక్షిణ అమెరికానుంచి తెచ్చిన చిలుకల వల్ల ఇలాంటి జబ్బే ప్రబలింది. మరుసటి ఏడాది ఎడ్మండ్ నొకార్ అనే ప్రసిద్ధ ఫ్రెంచి పశువైద్య శాస్త్రజ్ఞుడు, చనిపోయిన చిలుకల రెక్కల ఎముకల మజ్జనుంచి ఒక బ్యాక్టీరియాను కల్చర్‌లో పెంచి, జబ్బుకు ఇదే మూలమని ప్రకటించాడు. ఆ బ్యాక్టీరియా ఉన్న మాట నిజం. అది సాల్మొనెల్లా. చిలుకలకు అదీ సోకుతుంది. కానీ మనుషులను చంపినది అది కాదు. నొకార్ పేరుకున్న గౌరవం వల్లనో, కల్చర్‌లో కళ్లకు కనిపించే దానిమీద మనకుండే నమ్మకం వల్లనో, దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ మాట చెల్లుబాటైంది. 1929–30లో ఈ జబ్బు అనేక దేశాలకు పాకినప్పుడు రోగుల్లో నొకార్ బ్యాక్టీరియా కోసం వెతికితే దొరకలేదు. 1930లో లండన్‌లో శామ్యూల్ బెడ్సన్, ఆయన సహచరులు, బ్యాక్టీరియాను ఆపే వడపోత గుండా కూడా దాటిపోయే మరేదో దీనికి కారణమని చూపించారు. మామూలు కల్చర్‌లో పెరగదు కాబట్టి, కణం లోపల తప్ప బతకదు కాబట్టి, 1960ల దాకా దాన్ని వైరస్‌ల లెక్కలోనే వేశారు. క్లామిస్ అంటే గ్రీకులో పైన కప్పుకునే వస్త్రం; క్లామిడియా అన్న పేరు దానినుంచే వచ్చింది.

నొకార్ చేసిన పొరపాటే, అంతకన్నా చాలా ఎక్కువ తెలిసిన కాలంలో, నేను చేశాను. ప్లేటు మీద పెరిగినదాన్ని చూసి సరిపెట్టుకున్నాను. పైగా నేను రాసిన ఎన్‌రోఫ్లాక్సాసిన్ ఇ. కొలైతో పాటు క్లామిడియాను కూడా కొంతమేర అణచింది. పక్షి తేరుకోవడానికి కారణం అదే అయి ఉండవచ్చు. ఏడు రోజుల మందు జబ్బు లక్షణాలను దాచగలదు గాని, కణాల లోపల దాగిన దాన్ని నిర్మూలించలేదు. మందు వాడుతుండగా స్వాబ్ తీస్తే నెగటివ్ కూడా వచ్చి ఉండేది. అంటే నా చికిత్స జబ్బును తగ్గించకపోగా, కొన్నాళ్లపాటు దాన్ని మరింత కనబడకుండా చేసింది.

పరీక్షలు, మగపక్షి

ఆడపక్షి రక్తంలో తెల్ల కణాలు మైక్రోలీటరుకు 31,000, వాటిలో హెటిరోఫిల్‌లూ మోనోసైట్‌లూ బాగా ఎక్కువ. కాలేయం దెబ్బతిన్నప్పుడు పెరిగే ఏఎస్‌టీ, బైల్ యాసిడ్‌లు రెండూ పెరిగాయి. ఎక్స్‌రేలో కాలేయం నీడ వెడల్పయింది, గాలి సంచుల గోడలు మసకబారాయి. కంటి లోపలి పొరనుంచీ, అంగిలి చీలికనుంచీ, మలద్వారంనుంచీ ఒకే స్వాబ్‌తో నమూనా తీసి పీసీఆర్‌కు పంపాను. మూడు చోట్లా తీయడానికి కారణం ఉంది: సూక్ష్మజీవి సోకిన కొత్తలో కంట్లోనూ గొంతులోనూ దొరుకుతుంది, రెట్టలో కనిపించడానికి సమయం పడుతుంది. ఫలితం పాజిటివ్.

ఇక్కడిదాకా అందరి దృష్టీ కొత్తగా వచ్చిన ఆడపక్షి మీదే ఉంది. ఆమె కూడా, 'కొత్తది తెచ్చి పాతవాటికి అంటించుకున్నాం' అని బాధపడ్డారు. నేనూ అలాగే అనుకున్నాను.

మగపక్షిని తెప్పించి చూశాను. 96 గ్రాములు. నిగనిగలాడే ఈకలు. పరీక్ష గదిలో బల్లమీద నిలబడి ఈలవేసింది. కళ్లు పొడిగా, ముక్కురంధ్రాలు శుభ్రంగా, రెట్ట మామూలుగా ఉన్నాయి. ఆ రోజు తీసిన స్వాబ్ నెగటివ్ వచ్చింది. చాలామంది ఆ ఫలితంతో ఆగిపోతారు. ఇంకో పరిస్థితిలో నేనూ ఆగిపోయేవాడినే. కానీ క్లామిడియాను మోసే పక్షి రోజూ దాన్ని విసర్జించదు. కొన్నాళ్లు విసర్జిస్తుంది, కొన్నాళ్లు ఆపేస్తుంది. ఒక రోజు తీసిన నమూనాలో లేదంటే ఆ రోజు లేదని మాత్రమే అర్థం. అందుకని ఐదు రోజులపాటు రోజూ కొంత రెట్ట సేకరించి, చల్లగా భద్రపరచి, అంతా కలిపి ఒకే నమూనాగా పంపమన్నాను. అది పాజిటివ్. యాంటీబాడీల స్థాయి ఆడపక్షిలో కంటే మగపక్షిలోనే చాలా ఎక్కువగా ఉంది. ఎక్స్‌రేలో దాని ప్లీహం స్పష్టంగా పెద్దదై కనిపించింది. బడ్జీ రెండు పరీక్షల్లోనూ నెగటివ్.

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే నా అంచనా తలకిందులైంది. ఆడపక్షిది కొత్తగా సోకిన తీవ్రమైన జబ్బు. మగపక్షిది పాతది, సద్దుమణిగినది. గూట్లో ఉండగానే, తల్లిదండ్రులు మేతను నోటినుంచి నోటికి అందించే దశలో, పిల్లలకు ఇది సోకగలదు. బతికి బయటపడ్డ పిల్ల ఏ లక్షణమూ లేకుండా ఏళ్లతరబడి మోయగలదు. ఇల్లు మారడం, ప్రయాణం, చలి, ఇరుకు, జతకట్టడం వంటి ఒత్తిళ్లు విసర్జనను రెచ్చగొడతాయి. ఆరేళ్లు ఒంటరిగా హాయిగా ఉన్న పక్షి పంజరంలోకి కొత్త జత, గూడుపెట్టె ఒకేసారి వచ్చాయి. ఆడపక్షిని తెచ్చిన చోట ఉన్న పక్షులన్నిటికీ పరీక్షలు చేస్తే నెగటివ్ వచ్చాయి. ఆ నెగటివ్‌లకూ నేను పైన చెప్పిన మాటే వర్తిస్తుంది కాబట్టి దాన్ని రుజువుగా చూపలేను. అయినా ఆరోగ్యంగా కనిపించిన ఆ మగపక్షే మూలమని నేను నమ్ముతున్నాను. కొత్త పక్షి జబ్బు తేలేదు, వచ్చి జబ్బు పడింది. కొత్త పక్షిని కొన్నాళ్లు వేరే గదిలో ఉంచే నియమం పాత పక్షులను కొత్తదానినుంచి కాపాడటానికే అని అందరూ అనుకుంటారు. ఈ ఇంట్లో అది కొత్తదాన్ని కాపాడి ఉండేది.

వేరే దాగిన జబ్బుల గురించి రెండు మాటలు. తింటూనే చిక్కిపోయే చిలుకలో మైకోబ్యాక్టీరియాను (క్షయ కుటుంబపు బ్యాక్టీరియాను), ముఖ్యంగా పక్షుల్లో కనిపించే జెనావెన్స్, ఏవియం జాతులను తోసిపుచ్చాలి. ఆడపక్షి రెట్టలో వాటిని పట్టే యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ చేశాను, ఏమీ కనబడలేదు. మనుషుల క్షయ చిలుకలకు సోకిన సందర్భాలూ ఉన్నాయి, అంటే దారి రెండువైపులా తెరిచే ఉంది. సాల్మొనెల్లాకు కల్చర్ నెగటివ్.

నలభై ఐదు రోజులు

మూడు పక్షులకూ చికిత్స చేశాను. బడ్జీ నెగటివ్ అయినా అదే గాలి పీల్చింది. డాక్సీసైక్లిన్ కిలో బరువుకు 25 నుంచి 35 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు ఒకసారి నోటిద్వారా, 45 రోజులు. ఇంత సుదీర్ఘంగా ఎందుకని ఆమె అడిగారు. ఈ సూక్ష్మజీవికి రెండు రూపాలున్నాయి. కణం బయట గట్టిపడి, విభజన లేకుండా, ఎండిన రెట్టలో నెలలతరబడి బతికే అంటురూపం ఒకటి. కణం లోపలికి దూరాక మెత్తబడి వృద్ధిచెందే రూపం మరొకటి. డాక్సీసైక్లిన్ పనిచేసేది వృద్ధిచెందుతున్నదాని మీదే. నిద్రలో ఉన్నది లేచినప్పుడల్లా రక్తంలో మందు ఉండాలి. మధ్యలో ఒక్క వారం తప్పితే చేసినదంతా వృథా.

మందును నీళ్లలో కలిపి పెట్టవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. కొన్ని జాతుల్లో నీటి ద్వారా తగిన స్థాయి అందుతుంది, కానీ బడ్జీ చాలా తక్కువ నీళ్లు తాగుతుంది, దాని రక్తంలో మందు నిలవదు. జబ్బుపడిన పక్షి ఏదైనా తక్కువే తాగుతుంది. కాబట్టి మూడింటికీ సూది లేని సిరంజితో, నోటి పక్కనుంచి, చుక్కచుక్కగా వేయడం ఆమెకు నేర్పాను. మొదటి నాలుగు రోజులు ఆడపక్షిని వెచ్చని గదిలో, ద్రవాలు ఎక్కిస్తూ, ట్యూబుతో మేత పెడుతూ మా దగ్గరే ఉంచాను.

అసలు చిక్కు 26వ రోజున వచ్చింది. బరువు 84 గ్రాములకు చేరిన ఆడపక్షి గుడ్డు పెట్టింది. గూడుపెట్టె తీసేయమని నేను చెప్పాను, తీశారు. పక్షి పంజరం అడుగున కాగితం మీదే పెట్టింది. రెండో గుడ్డు కూడా వచ్చేసరికి, పక్షికి సున్నం తగ్గిపోతుందని భయపడి, మొదటి రోజే నేను తీయించిన కటిల్‌బోన్‌ను (కాల్షియం కోసం పక్షులు కొరికే సముద్రజీవి పెంకును) ఆమె తిరిగి పెట్టారు. డాక్సీసైక్లిన్ పేగుల్లో కాల్షియానికి అంటుకుపోయి రక్తంలోకి చేరదు. కటిల్‌బోన్, మినరల్ దిమ్మె, గవ్వపొడి ఉన్న పంజరంలో ఈ మందు వేయడం ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో ఒంపేయడమే. అది నాకు తెలిసేసరికి ఆరు రోజులు గడిచాయి. ఆమెను తప్పుపట్టలేను, ఎందుకంటే ఆమె భయం నిజమైనదే: కాల్షియం చాలని ఆడపక్షి గుడ్డు బయటికి రాక ప్రాణం పోగొట్టుకోగలదు. కటిల్‌బోన్ ఎందుకు తీయించానో నేను వివరించాను గాని, గుడ్డు పెడితే ఏం చేయాలో చెప్పలేదు.

కాల్షియాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చాను, అప్పుడు పేగుల్లో మందుతో తగాదా ఉండదు. జంటను విడదీసి, రోజుకు వెలుతురు 10 గంటలకు తగ్గించి, గుడ్లు ఆగేలా చేశాం. ఆడపక్షికి 45 రోజుల లెక్కను మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టించాను. ఆరు రోజులు మాత్రమే కలిపితే చాలదా అని వాదించేవారు ఉండవచ్చు. ఆ ఇంట్లో మరో న్యుమోనియా రాకుండా చూడటం నా బాధ్యత కాబట్టి నేను ఆ బేరానికి ఒప్పుకోలేదు. ఇంత కాలం యాంటీబయాటిక్ వాడితే పేగుల్లో ఈస్ట్ పెరిగే ప్రమాదం ఉంటుంది; రెండు వారాలకొకసారి రెట్టను చూస్తూ వచ్చాం, ఒకసారి బడ్జీకి శిలీంధ్రం మందు వేయవలసి వచ్చింది.

ఇల్లు

ఆయన రోజూ పొద్దున్నే పంజరాల అడుగును పొడి బ్రష్‌తో గీకి, చీపురుతో ఊడ్చేవారు, పైన ఫ్యాన్ తిరుగుతూ ఉండేది. పక్షులను ముద్దుచేసినది ఆమె, అయినా ఆమెకు దగ్గుతో సరిపోయింది. చిలుకను భుజాన ఎక్కించుకున్నా, ముక్కుతో ముక్కు రాసుకున్నా సోకవచ్చు, కానీ మనుషులకు ఎక్కువగా ఇది అందేది ఎండిన రెట్ట పొడీ, ఈకల దుమ్మూ ఊపిరిలోకి వెళ్లడం వల్లనే. ఆయన ఆ పొడిని రోజూ లేపి పీల్చారు. లక్షణాలు బయటపడటానికి మామూలుగా 5 నుంచి 14 రోజులు పడుతుంది; అంతకు ముందు వారాల్లో ఆయన ఇల్లు దాటి పోయిందీ లేదు, వేరే పక్షిని ముట్టుకున్నదీ లేదు.

శుభ్రతకు నేను రాసిచ్చిన పద్ధతిలో మొదటి మాట 'తడపండి'. క్రిమినాశక ద్రావణాన్ని చిమ్మి రెట్టను నానబెట్టి, కాగితంతో సహా మడిచి సంచిలో వేసి కట్టాలి. చీపురు, వాక్యూమ్, ఫ్యాన్ మూడూ నిషిద్ధం. పంజరం అడుగున రంపపు పొట్టుకు బదులు కాగితం పరచాలి. ఈ సూక్ష్మజీవి ఆమ్లానికీ క్షారానికీ ఓర్చుకుంటుంది, కానీ దాని పైపొరలో కొవ్వు ఎక్కువ కావడం వల్ల చాలా క్రిమినాశకాలకు తట్టుకోలేదు: క్వాటర్నరీ అమ్మోనియం ద్రావణం వెయ్యింటికి ఒక వంతు, లేదా ఇళ్లలో వాడే బ్లీచ్ నూటికి ఒక వంతు సరిపోతాయి, అయితే ముందుగా మురికిని కడిగేయాలి, మురికి కింద ఉన్నదాన్ని మందు తాకలేదు. బ్లీచ్ వాసన పక్షుల ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి ఆ సమయంలో వాటిని వేరే గదిలో ఉంచాలి. శుభ్రం చేసేవారు ఎన్95 మాస్కు వేసుకోవాలి. ఆపరేషన్ గదుల్లో వాడే పల్చని మాస్కు సరిపోదు. చెక్క గూడుపెట్టెను శుభ్రం చేయడం కుదరదు, దాన్ని పారేయించాను. చాలా దేశాల్లో ఈ జబ్బును ఆరోగ్య అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. మా ఇద్దరి తరఫునా, వైద్యుడూ నేనూ వేర్వేరుగా తెలియజేశాం.

చికిత్స ముగిసిన రెండు వారాలకు ముందు పరీక్ష చేస్తే మందు ప్రభావం వల్ల తప్పుడు నెగటివ్ రావచ్చు. అందుకే బడ్జీకీ మగపక్షికీ 45వ రోజు తర్వాత రెండు వారాలు ఆగి, ఆడపక్షికి మరింత ఆలస్యంగా, ఐదేసి రోజుల రెట్ట నమూనాలతో పీసీఆర్ చేయించాను. మూడూ నెగటివ్. మూడు నెలలకు మళ్లీ చేస్తే మళ్లీ నెగటివ్. మగపక్షి ప్లీహం ఎక్స్‌రేలో చిన్నదైంది. ఒకసారి నయమైన పక్షికి మళ్లీ సోకకుండా ఉండే రోగనిరోధక శక్తి రాదు, అందువల్ల వారి ఇంట్లోకి కొత్త పక్షి వస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇక కొత్తవాటిని తేబోమని వారే చెప్పారు. ఆయన దగ్గు పూర్తిగా తగ్గడానికి ఏడు వారాలు పట్టింది. కూతురు ప్రసవం తర్వాతే పుట్టింటికి వచ్చింది.

మగపక్షి ఫైలు మీద 'నయమైంది' అని నేను రాయలేదు. 'రెండుసార్లు నెగటివ్' అని రాసి, పక్కన తేదీలు వేశాను. మా దగ్గర కొత్త పక్షులకు నింపే కాగితంలో ఇప్పుడు ఒక గడి అదనంగా ఉంది: గత నెలలో ఇంట్లో ఎవరికైనా జ్వరంతో కూడిన దగ్గు వచ్చిందా. ఆ వైద్యుడు తమ ఆసుపత్రి కాగితంలో 'పెంపుడు జంతువులు' పక్కన 'లేదా పక్షులు' అని చేర్పించానని చెప్పారు.